నయం కాకూడని మోకాళ్ళు

నిప్పు తరవాత, నాగలి తరవాత మనిషి కనిపెట్టిన వాటిల్లో చెప్పుకోదగ్గది సాగే పట్టీ ఒక్కటేనని మా కురెసావా ఊరిపెద్ద కమొషిదా గారు ఒకనాటి ఉదయం ఊరి మైకులో ప్రకటించారు. ఆ మైకు భూకంపం వచ్చినప్పుడూ, వరద వచ్చినప్పుడూ, ఎలుగుబంటి దిగినప్పుడూ తప్ప మోగదు. అందుకని సగం ఊరు సంచులు భుజాన వేసుకుని బడి ఆవరణలోకి పరిగెత్తింది. మిగతా ఉపన్యాసం అక్కడే నిలబడి విన్నాం.

సంగతి ఏమిటంటే పెద్దగారి మోకాలు బెణికింది. గేట్‌బాల్ ఆడుతుండగా బెణికింది. అది అరవై దాటినవాళ్ళు చెక్క సుత్తితో బంతిని మెల్లగా తట్టి, ఇనప కమ్మీల సందులోంచి దూర్చే ఆట. అందులో దెబ్బ తగిలించుకోవాలంటే ఎంతో ప్రతిభ ఉండాలి. పక్క ఊరివాళ్ళ బంతి దూరిపోయిందన్న కోపంతో పెద్దగారు నేలని ఒక్క తన్ను తన్నారు. ప్రతిభ బయటపడింది.

కీళ్ళు సరిచేసే సెకినో గారు అప్పటికి కొత్తగా టోక్యో నుంచి వచ్చి, మూతపడ్డ పట్టుపురుగుల సంఘం గదిలో వైద్యశాల తెరిచి ఉన్నారు. ఆయన పెద్దగారి మోకాలికి నీలంరంగు పట్టీ ఒకటి, చివర రెండుగా చీల్చి, చిప్పకి అటూ ఇటూ వచ్చేలా అతికించారు.

"ఇది మందు కాదండీ," అన్నారు. "చర్మాన్ని కాస్త లాగి పట్టి ఉంచుతుంది. కండకి ఆసరా ఉన్నట్టు అనిపిస్తుంది. నాలుగు రోజులుంచి తీసెయ్యండి. అసలు నయం చేసేది విశ్రాంతే."

పెద్దగారికి ఆఖరి మాట ఒక్కటే చెవికెక్కింది.

ఆ వసంతంలో కాలవ పూడిక తీసేరోజు ఆయన లాగు వేసుకుని వచ్చారు. గట్టు మీద మంచు ఇంకా కరగలేదు. పిక్కలు చలికి ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు మీద నీలం పట్టీ బాగా కనిపించింది. జనం ఊపిరి లోపలికి పీల్చారు. ఎవరో మడత కుర్చీ తెచ్చి వేశారు. ఆయన కూర్చున్నారు. అంతకు ముందు మాత్రం పని చేసేవారని కాదు, కాకపోతే పార పట్టుకుని నిలబడేవారు. పట్టీ వచ్చాక ఆ పార బరువు కూడా తప్పింది. కూర్చుని చెయ్యి ఇటూ అటూ ఊపుతుంటే మాకందరికీ ఆయన మునుపటికన్నా పెద్దవాడిలా కనిపించారు.

మా ఊళ్ళో జబ్బుపడ్డవాణ్ణి "ఏదీ, చూపించు" అని అడగం. అలా అడగడం కన్నా చెంప మీద కొట్టడం మర్యాద. "ఎలా ఉందండీ?" అంటాం. "మీ దయవల్ల" అంటాడు. అక్కడితో సరి. పరామర్శకి వెళ్ళేటప్పుడు పెట్టెలో పెట్టి రిబ్బను కట్టిన కర్బూజా పట్టుకెళ్ళాలి. జబ్బు నయమయ్యాక ఆ మనిషి, చూడవచ్చిన ప్రతి ఇంటికీ తిరిగి కానుక పంపాలి. సబ్బో, పంచదారో. వాడితే కరిగిపోయే వస్తువే పంపాలి, జబ్బు ఆనవాలు మిగలకూడదు కనక. ఇది తాతలనాటి పద్ధతి. ఇందులో ఒక సదుపాయం దాగి ఉందని తాతలకి తట్టలేదు. నయమైతేనే కదా సబ్బులు పంచాలి!

పెద్దగారికి తట్టింది. ఏడాది తిరిగినా ఆయన మోకాలు నయం కాలేదు.

తరవాత ఉపపెద్ద హనావా గారి మోకాలు పోయింది. ఆయనకీ నీలం పట్టీ మీదే మనసు. కానీ పైవారి రంగు వేసుకోవడం తలబిరుసు అనిపించుకుంటుందని, కాస్త వెలిసిన నీలం కావాలని సెకినో గారిని అడిగారు. మంగలికి మోచెయ్యి. సాకె సారా అమ్మే అంగడాయనకి నడుము. నడుము పట్టీ బయటికి కనపడదు కనక, ఆయన చలికాలమంతా చొక్కా పైకి మడుచుకుని తిరిగి జలుబు తెచ్చుకున్నాడు. ఆలయ పూజారి గారిది మెడ. ఆయన బుద్ధుడికి ఎదురుగా కూర్చుని సూత్రాలు చదువుతారు, వెనక ఉన్నవాళ్ళకి కనిపించేది మెడే. చావు ఇళ్ళల్లో కూడా జనం ఏడుపు ఆపి "పాపం, పూజారి గారు" అనుకునేవారు.

ఊరంతా కర్బూజాలు తిరిగాయి. ఒకే పెట్టె, ఒకే రిబ్బను, ఇంటి నుంచి ఇంటికి వెళ్ళి, మెత్తబడే వేళకి ఎక్కడో ఒకచోట కోయబడేది.

"ఏవండీ," అంది మా ఆవిడ కినుయో ఒక సాయంత్రం, గిన్నెలు తుడుస్తూ. "ఊరందరికీ మనం మోసుకెళ్ళడమే. మనింటికి ఒక్కటీ రాదు. మీకేం నొప్పి రాదా?"

"ఊఁ."

"ఊఁ అంటే వస్తుందనా, రాదనా?"

"రాలేదు."

"ప్రయత్నిస్తేగా. భుజం అయితే సులువట, మంగలావిడ చెప్పింది. చెయ్యెత్తమన్నప్పుడు సగమే ఎత్తితే చాలట."

నేను గోడకి ఉన్న గడియారం వంక చూశాను. ఆవిడ నిట్టూర్చింది.

"మిమ్మల్ని కట్టుకుని ఒక బెణుకు సుఖం కూడా ఎరగను," అంది.

ఈ ఏడు మంచు కరుగుతుండగా కొండ మీంచి ఒక బండ దొర్లి కాలవలో పడింది. పైకాలవకి సిమెంటు వేసి ఉంది, పై మళ్ళన్నిటికీ నీళ్ళు ఎప్పట్లాగే వచ్చాయి. బండ పడింది హనావా గారి మడి దాటాక, చివరి మట్టిపాయలో. దాని దిగువన ఉన్నది ఒకే ఒక్క మడి. మా పక్కింటి షిగె మామ్మది.

మామ్మకి ఎనభై దగ్గరపడ్డాయి. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఏడాదికి ఒక పంట ఆ మడిలో వేస్తుంది, తింటుంది, మిగిలింది మాకు పంచుతుంది. ఒక ఏడు నాటు పడని మడికి మరుసటేడు నుంచి నీళ్ళ వంతు ఉండదని మా ఊరి కట్టుబాటు. ఆ వంతు పై మడివాళ్ళకి, అంటే హనావా గారికి కలుస్తుంది. ఆయనకి ఆ ఆలోచనే లేదని ఆయనే చాలామందికి చెప్పారు.

మామ్మ నారు పోసి పెంచిన పళ్ళేలు మోస్తూ బురదలో జారింది. మోకాలు గుమ్మడికాయంత వాచింది. నేనే వీపు మీద వేసుకుని సెకినో గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వాపు చూసి, అరలన్నీ వెతికి, తల పట్టుకున్నారు.

"పట్టీలు అయిపోయాయి, మామ్మగారూ. ఒక్క ముక్క లేదు. తెప్పించినవి తెప్పించినట్టే పోతున్నాయి. తీసెయ్యండి బాబూ, చర్మం పొక్కుతోందని చెప్తే, ఇంకా వెడల్పుది వెయ్యమంటారు."

"ఎందుకు తియ్యరు?" అంది మామ్మ.

"తీస్తే నయమైనట్టే కదండీ."

మామ్మ కాసేపు ఆలోచించి నవ్వింది. నవ్వినప్పుడు మోకాలు నొచ్చి ఆపేసింది. ఆయన తెల్లటి నూలుగుడ్డ చింపి గట్టిగా కట్టు కట్టారు. "పడుకోండి. కాలు దించకండి," అన్నారు.

పరామర్శకి ఎవరూ రాలేదు. "పట్టీ వెయ్యలేదట కదా," అనుకున్నారు ఊళ్ళో. "అయితే పెద్ద దెబ్బ అయి ఉండదు." కినుయో ముల్లంగి ఊరగాయ పట్టుకెళ్ళింది. అది పరామర్శ కిందకి రాదు, ఇరుగుపొరుగు కిందకి వస్తుంది.

పూడిక పనికి ముందు జరిగిన మీటింగులో నేను లేచాను. నేను మీటింగుల్లో మాట్లాడగా ఎవరూ చూడలేదు కనక అంతా నా వంక తిరిగారు.

"మామ్మ కాలు వాచింది. పూడికకి రావడం కుదరదు," అన్నాను.

పెద్దగారు కళ్ళు మూసుకుని విన్నారు. ముఖ్యమైన విషయాలన్నీ ఆయన కళ్ళు మూసుకునే వింటారు.

"విచారకరం," అన్నారు. "కానీ కిసకూ, ఇంటికొక మనిషి రావాలన్నది నియమం. గాయపడ్డవారికి మినహాయింపు. గాయపడ్డవారెవరంటే పట్టీ ఉన్నవారు. గుడ్డ కట్టుకున్నవాళ్ళని కూడా గాయపడ్డవాళ్ళంటే, రేపు ప్రతివాడూ ఒక గుడ్డ చుట్టుకొస్తాడు. అప్పుడు నిజంగా బాధపడుతున్న మా బోటివాళ్ళ పరిస్థితేమిటి?"

"నిజమే," అన్నారు హనావా గారు. "మోసానికి తలుపు తెరిచినట్టవుతుంది."

అందరూ తలలూపారు. పూజారి గారు మెడ గుర్తొచ్చి మధ్యలో ఆపేశారు.

ఆదివారం ఊరంతా గట్టు మీదికి వచ్చింది. రాకపోతే పరువు తక్కువ. అందరూ తలో మడత కుర్చీ తెచ్చుకుని, పట్టీలు ఎండకి తగిలేలా సర్దుకుని కూర్చున్నారు. కాలవలోకి దిగింది నేనూ, షిగె మామ్మా. ఆవిడ ఒక కాలు ఈడుస్తూ, పారే ఊతకర్రగా దిగింది.

"మామ్మగారూ, పార కాస్త వంచి పట్టుకోవాలండీ," అన్నాడు మంగలి పైనుంచి.

"ఎడమ పక్కన మట్టి మిగిలిపోయింది," అన్నాడు సాకె అంగడాయన.

"ఈ కాలం వాళ్ళకి నడుం వంచడం రాదు," అన్నారు హనావా గారు. మామ్మ ఆయనకన్నా పదిహేనేళ్ళు పెద్దది.

"చెప్పేవాళ్ళు ఇంతమంది ఉండగా రాకేం చేస్తుంది నాయనా," అంది మామ్మ. "నేర్చుకుంటాను."

మధ్యాహ్నానికి మట్టి తీశాం. బండ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాం. నేను పలుగు పెట్టి ఎత్తాను. బండ కదల్లేదు, పలుగు వంగింది. మామ్మ భుజం ఆనించింది. ఏమీ కాలేదు. పెద్దగారు కుర్చీలోంచి ముందుకి వంగి, బండని చాలాసేపు పరిశీలించి, "దీనికి పదిమందైనా కావాలి," అన్నారు. చుట్టూ చూశారు. అందరూ ఆయనతోపాటు చుట్టూ చూశారు. ఊళ్ళో అంతమంది ఎక్కడున్నారా అన్నట్టు.

"ఒక అధ్యయన సంఘం వేద్దాం," అన్నారు. "శరత్కాలానికి నివేదిక వస్తుంది."

నారు అప్పటికే పళ్ళేల్లో పసుపు తిరుగుతోంది. ఇంకో వారం ఆగితే ముదిరిపోతుంది. మామ్మ బండ వంక చూసింది, దాని కింద ఎండి బీటలు తీసిన తన మడి వంక చూసింది. కాలవలోంచి నన్ను పట్టుకుని పైకి ఎక్కి, గట్టున పెట్టిన తన మూట విప్పింది. నేను అన్నం ముద్దలు అనుకున్నాను.

సబ్బులు. తెల్లకాగితం చుట్టి, ఎరుపూ తెలుపూ దారం కట్టి, పైన కుంచెతో "పూర్తిగా నయమైనందుకు" అని రాసి ఉంది. ఇన్నేళ్ళుగా ఊళ్ళో నిజంగా నయమైనవాళ్ళు పంపినవి ఆవిడ అలమారలో వాడకుండా దాచుకుంది.

మామ్మ ఒక్కొక్క కుర్చీ దగ్గరికీ కుంటుకుంటూ వెళ్ళింది. ఒక్కొక్కరి ముందూ వంగింది.

"నా మోకాలి విషయంలో మీరు చూపించిన దయ మరచిపోలేను. మీవల్ల పూర్తిగా నయమైంది. ఏమీ అనుకోకుండా పుచ్చుకోండి."

మా ఊళ్ళో ఎవరైనా రెండు చేతులా ఏదైనా ఇస్తే అవతలి రెండు చేతులూ వాటంతటవే ముందుకొస్తాయి. బుద్ధి తరవాత వస్తుంది. మోచెయ్యి పైకి లేవని మంగలి చేతులు కూడా లేచాయి. అందరూ పుచ్చుకున్నారు. పుచ్చుకున్నాక బుద్ధి వచ్చింది. కర్బూజా పట్టుకెళ్ళకుండా సబ్బు అందుకున్న మనిషి కురెసావాలో అంతవరకు పుట్టలేదు. ఇప్పుడు ఒక్కసారిగా ఊరు ఊరంతా పుట్టింది.

పెద్దగారు సబ్బుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మనం ఏం పట్టుకెళ్ళాం?" అన్నారు పెద్దగారు, పెదవులు కదపకుండా.

"మీరు వెళ్ళాక వెళ్దామని ఆగానండీ," అన్నారు హనావా గారు.

"నువ్వు గుర్తుచేస్తావని నేను ఆగాను."

"ఇప్పుడు పట్టుకెళ్తే?"

"నయమైనవాళ్ళకి పరామర్శేమిటయ్యా. నవ్విపోతారు."

"తిరిగిచ్చేస్తే?"

పెద్దగారు ఆయన వంక చూసిన చూపుకి హనావా గారు సబ్బుని ఒళ్ళో దాచుకున్నారు. ఇక అక్కడ ఉండలేక ఒక్కొక్కరే కుర్చీ మడుచుకుని ఇళ్ళకి వెళ్ళారు. ఆ రోజు కాస్త ఎక్కువగానే కుంటుతూ నడిచారు.

మర్నాడు తెల్లవారుతుండగా నేను ఇంకో పలుగు తీసుకుని కాలవకి వెళ్ళాను. ఇద్దరం కదపలేనిది ఒక్కణ్ణి కదపగలనని కాదు. పొద్దెక్కాక ఎటూ మామ్మ ఒక్కతే వచ్చి భుజం ఆనిస్తుంది, అది చూడలేక. పొగమంచు పాయలో నిండుగా ఉంది. బండ దగ్గర ఎవరో దగ్గారు.

"ఎవరది?"

"నేనండీ, మంగలిని. నడకకి వచ్చాను. సెకినో గారు నడవమన్నారు."

"పారతోనా?"

"ఊతకర్ర కనపడలేదండీ. మీరు?"

"నేనూ నడకకే," అంది హనావా గారి గొంతు. ఆయన చేతిలో ఇనప గొలుసు గలగలలాడింది.

తరవాత సాకె అంగడాయన నడకకి వచ్చాడు, దుంగ ఒకటి భుజాన వేసుకుని. పూజారి గారు వచ్చారు. ఇంకా చాలామంది వచ్చారు. ప్రతి ఒక్కరూ తామొక్కరే అనుకుని వచ్చి, మంచులో ఇంకొకరికి తగిలి, వంగి నమస్కారం చేసుకున్నారు. చివరగా పెద్దగారు వచ్చారు. లాగు కాదు, పొడుగు పంట్లాము.

"వాతావరణం చల్లగా ఉంది," అన్నారు.

"చాలా చల్లగా ఉందండీ," అన్నారందరూ.

అంతే. దుంగ కింద పెట్టారు, గొలుసు వేశారు. మెడలు వంగాయి, నడుములు వంగాయి, మోచేతులు బిగిశాయి. పెద్దగారు నీలం పట్టీ మోకాలు బురదలో దిగేసి, గేట్‌బాల్ నాటి కోపంతో బండని తన్నిపట్టి తోశారు. బండ మూలిగి, ఒరిగి, పొర్లి గట్టు అవతలికి పోయింది. నీళ్ళు మా కాళ్ళ మధ్యనుంచి కిందికి పరిగెత్తాయి.

తన పక్కన నిలబడి తోసింది నేనేనని పెద్దగారు అప్పుడు చూశారు. మొహం తుడుచుకున్నారు.

"మంచు దట్టంగా ఉంది కదూ, కిసకూ."

"ఊఁ," అన్నాను. "ఏమీ కనపడట్లేదండి."

అందరూ ఒకరికొకరు వంగి, వేరువేరు దారుల్లో, చకచకా నడిచి వెళ్ళిపోయారు. ఊరి మలుపు దగ్గర పాలబండి లైటు పడగానే కుంటడం మొదలుపెట్టారు.

ఎనిమిది గంటలకి మైకు మోగింది. కొండదేవత దయవల్ల బండ రాత్రికి రాత్రి దానంతటదే తొలగిందనీ, ఆదివారం నాడు కృతజ్ఞతాపూజ ఉంటుందనీ, గాయపడ్డవారెవరూ ఈ వార్తకి ఉద్రేకపడి విశ్రాంతి మానుకోవద్దనీ పెద్దగారు చెప్పారు. గొంతు కాస్త బొంగురుపోయింది.

షిగె మామ్మ మడిలో నాటు పడింది. నేను యంత్రం నడిపాను, కినుయో మూలలు చేత్తో నాటింది, మామ్మ గట్టున కాలు చాపుకుని కూర్చుని మా ఇద్దరికీ తప్పులు చెప్పింది. నీళ్ళ వంతు నిలబడింది.

నాట్లు అయ్యాక చేసే విందుకి మామ్మ మమ్మల్ని పిలిచింది. ఎర్ర చిక్కుడు గింజల అన్నం, ఎండు చేప, కాస్త సాకె. మేము కూర్చున్నామో లేదో వాకిట్లో పెద్దగారు, వెనక హనావా గారు. నల్ల సూట్లు. రిబ్బను కట్టిన కర్బూజా.

"నాట్లు పూర్తయినందుకు అభినందనలు," అన్నారు పెద్దగారు. పరామర్శకి తేవలసిన కర్బూజాని తేవడానికి వారం రోజులు వెతికి పట్టుకున్న దారి అది. దాన్ని మామ్మ ముందుకి జరిపాక ఆయన మొహంలో ఊరి భారం దిగినట్టయింది.

ఇద్దరూ చాప మీద, మర్యాదస్థులు కూర్చోవలసినట్టు, మోకాళ్ళు మడిచి మడమల మీద నిటారుగా కూర్చున్నారు. చూడ ముచ్చటగా ఉంది. మామ్మ టీ పోసింది. వానల గురించి మాట్లాడారు, వడ్ల ధర గురించి మాట్లాడారు, కుర్రకారుకి పద్ధతులు తెలియడం లేదని మాట్లాడారు. టీ రెండుసార్లు పోసింది. పెద్దగారు కదల్లేదు. ఆయన వీపు గోడకన్నా నిటారుగా ఉంది.

మామ్మ వాచిన కాలు పక్కకి చాపుకుని ఉంది. తెల్లగుడ్డ కట్టు కిమోనో అంచు కింద కనపడుతోంది. పెద్దగారి చూపు దాని మీద పడింది, పక్కకి పోయింది, మళ్ళీ వచ్చింది. చివరికి ఉండబట్టలేక గొంతు సవరించుకున్నారు.

"మామ్మగారూ, పెద్దవారు, మీకు నేను చెప్పకూడదు. కానీ పూర్తిగా నయమైందని ఊరందరికీ సబ్బులు పంచారు. అతిథుల ముందు ఇలా కాలు చాపుకుని కూర్చోవడం... చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"అవునండీ," అన్నారు హనావా గారు, ఇంకాస్త నిటారుగా అయి. "పద్ధతి అంటూ ఒకటుంటుంది."

కినుయో గిన్నె కింద పెట్టేసింది. నేను చేప ముల్లు వంక చూస్తున్నాను.

మామ్మ తొందరపడలేదు. చాపిన కాలిని రెండు చేతులతో కాస్త సర్దుకుంది.

"నాకేం పెద్దగారూ, నయమైపోయింది," అంది. "మీ ఇద్దరికీ ఇంకా నయం కాలేదు కదా. మీరు కాళ్ళు చాపుకుని కూర్చునే చోట నేనొక్కదాన్నీ మోకాళ్ళు మడిస్తే మీ మనసు కష్టపెట్టుకుంటారని, ముందే చాపుకున్నాను."

పెద్దగారు తలవంచి తన కింద చక్కగా మడిచి ఉన్న మోకాళ్ళని చూసుకున్నారు. నల్ల పంట్లాములో రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఆయన హనావా గారి వంక చూశారు. హనావా గారు ఆయన వంకే చూస్తున్నారు.

చివరికి పెద్దగారు "అబ్బా" అని సన్నగా మూలిగి, ఏ మోకాలో గుర్తుకు రాక, రెండు కాళ్ళూ చాపారు.